సంప్‌లో దొరికిన నెలవంక ముక్క: బిగించే ముందు ఏమి చూడాలి?

రాజోలు వైపు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, టైమింగ్ చైను ఉన్న 1.2 లీటర్ల పెట్రోలు కారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మీటరు లక్షా పదివేల కిలోమీటర్లు దాటింది. ఉప్పుగాలికి ఆయిల్ సంప్ (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టి) రేకు తుప్పు పట్టి అడుగున నూనె చెమ్మ కనిపిస్తుండడంతో, కొత్త సంప్ వేయించడానికి విప్పించారు. నూనెను వడకట్టే స్ట్రైనర్ పక్కన పేరుకున్న మడ్డిలో నెలవంక ఆకారంలో ఒక లోహపు ముక్క దొరికింది. దాని ఒక ముఖం మీద రెండు నూనె గాడులు ఉన్నాయి, రెండో ముఖం నున్నగా ఉంది. వెర్నియర్‌తో కొలిస్తే ఒక కొస 2.1 మిల్లీమీటర్లు, రెండో కొస 1.7 మిల్లీమీటర్లు వచ్చింది. "ఇది పాత పనిలో ఎవరో వదిలేసిన ముక్క, ఇంజను బాగానే నడుస్తోంది కదా, బిగించేద్దాం" అని మెకానిక్ గారు అన్నారట. అది ఏ భాగం, దానిని పక్కన పెట్టి సంప్ బిగించవచ్చా, 2022 జూలై వరదలో కారు నీట మునగడం వల్లనే ఇది ఊడిందా అన్నవి మీరు అడిగిన మూడు సంగతులు.

మొదటి రెండింటికీ వెంటనే జవాబు చెబుతాను. ఫోటోలనూ కొలతలనూ బట్టి అది క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) థ్రస్ట్ వాషర్‌లో ఒక సగం అని నాకు దాదాపు నిశ్చయంగా అనిపిస్తోంది. సంప్ ఇప్పుడే బిగించవద్దు. కారును తోసి పక్కన పెట్టించండి గాని, స్టార్ట్ చేసి షెడ్డు బయటకు తీయించవద్దు. మూడో సంగతికి, అంటే వరదకు, కాస్త వివరం కావాలి; దాని దగ్గరికి తరువాత వస్తాను.

మీ మెకానిక్ గారి మాటను నేను కొట్టిపారేయడం లేదు. ఇంజను లోపల దొరికే ముక్కలలో చాలా భాగం నిజంగానే పాత పనులలో చేయి జారి పడినవే. కాని "ఇంజను బాగానే నడుస్తోంది" అన్న సాక్ష్యం అన్ని భాగాలకూ ఒకేలా పనికిరాదు. వాల్వును స్ప్రింగుకు పట్టి ఉంచే వాల్వ్ లాకునే తీసుకోండి. ఒక్కో వాల్వుకు రెండు లాకు ముక్కలు ఉంటాయి, మీ ఇంజనులో మొత్తం 32. వాటిలో ఒకటి ఊడిపోతే స్ప్రింగు పట్టు తప్పి వాల్వు సిలిండర్‌లోకి జారుతుంది, పిస్టన్ వచ్చి దానిని కొడుతుంది, ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. కాబట్టి సంప్‌లో లాకు ముక్క దొరికి, ఇంజను నాలుగు సిలిండర్ల మీదా నడుస్తూ ఉంటే, ఆ ముక్క ఎప్పుడో వాల్వు కాడల స్టెమ్ సీల్స్ మార్చినప్పుడు మేస్త్రి చేతిలోంచి ఎగిరి, హెడ్‌లోని నూనె దారి గుండా కిందికి పడిన అదనపు ముక్క అని ధైర్యంగా చెప్పవచ్చు. డ్రెయిన్ బోల్టు రాగి వాషర్, టాపెట్ కవర్ బోల్టు, సాకెట్ బిట్టు వంటివి దొరికినప్పుడు కూడా ఇదే లెక్క కొంతవరకు నడుస్తుంది.

థ్రస్ట్ వాషర్ సంగతి వేరు. అది లేకపోయినా ఇంజను స్టార్ట్ అవుతుంది, ఐడ్లింగ్ నిలబడుతుంది, పికప్ కూడా తగ్గదు. క్రాంక్ ముందుకూ వెనక్కూ కదలకుండా ఆపడమే దాని పని. పేలుడు బలాన్ని మోసేవి క్రాంక్‌ను పట్టి ఉంచే మెయిన్ బేరింగులు, అవి తమ పని తాము చేస్తూనే ఉంటాయి. అందుచేత వాషర్ రాలిపోయిన ఇంజను కూడా కొన్నాళ్లు మామూలుగానే తిరుగుతుంది, ఆలోగా క్రాంక్ చెంప (దాని పక్క ముఖం) బ్లాకు లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. దొరికిన ముక్క ఏదైనా సరే, అది లేకుండా ఈ ఇంజను నడవగలదా అని ముందు ఆలోచించాలి. నడవలేదు అనుకుంటే ముక్క అదనపుది. నడవగలదు అనుకుంటే, దాని స్థానం ఖాళీగా ఉందో లేదో కళ్లారా చూసే వరకు ఏమీ తేల్చకూడదు.

ఇక అది థ్రస్ట్ వాషరేనని మీ షెడ్డులోనే రూఢి చేసుకునే పద్ధతి చెబుతాను. ముందు అయస్కాంతం పెట్టండి. అంటుకోవాలి, ఎందుకంటే ఈ వాషర్లకు వెన్ను ఉక్కు రేకు. తరువాత 400 నంబరు ఎమరీ కాగితం మీద రెండు చుక్కల డీజిల్ వేసి, ముక్క అంచును నిలువుగా పెట్టి పదిసార్లు రుద్దండి. అంచు తెల్లబడగానే రెండు పొరలు విడివిడిగా కనిపిస్తాయి. ఒకటి మెరిసే ఉక్కు, దాని మీద మెత్తని లోహపు పలుచని పొర. ఆ పొర మసక వెండి రంగులో ఉంటే అల్యూమినియం మిశ్రమం, ఎర్రగా ఉంటే రాగి మిశ్రమం. నూనె గాడులు ఉండేది ఈ మెత్తని పొర వైపే. గాడులు ఉన్న ముఖం కంటే వెన్ను వైపు ఎక్కువ మెరుస్తూ, గుండ్రపు గీతలతో అరిగి ఉంటే, ఆ వాషర్ తన చోట తాను తిరిగిందని గాని, ఎవరో తిరగేసి వేశారని గాని అర్థం. ఈ గుర్తును జాగ్రత్తగా చూడండి; కారణం దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

నెలవంక అనగానే కొందరు వుడ్‌రఫ్ కీ అంటారు. క్రాంక్ కొసన పుల్లీనో గేరునో పట్టి ఉంచే ఆ కీ కూడా అర్ధచంద్రాకారమే గాని, అది నిండు ముక్క. మధ్యలో ఖాళీ ఉండదు, గాడులు ఉండవు, చేతి గోరంత ఉంటుంది, ఒకే ఉక్కు. మీరు పంపిన ఫోటోలో ఉన్నది లోపలి వంపూ బయటి వంపూ ఉన్న పట్టీ లాంటిది. లోపలి వంపు లోతును వెర్నియర్‌తో కొలిచి రెట్టింపు చేస్తే మెయిన్ జర్నల్ (మెయిన్ బేరింగులో తిరిగే క్రాంక్ భాగం) వ్యాసానికి కొద్దిగా ఎక్కువ రావాలి. అది కుదిరితే ఇక అనుమానం అక్కర్లేదు.

అయస్కాంతం గురించి ఒక హెచ్చరిక. అంటుకోకపోతే ఉక్కు కాదని తేల్చేయకండి. చాలా ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వు తలను వేడికి తట్టుకునే ప్రత్యేకమైన ఉక్కుతో చేస్తారు. దానికి అయస్కాంతం సరిగా పట్టదు. అలాంటి ముక్క చేతికి వచ్చినప్పుడు బంగారు కొట్టులోని కాటా మంచి సాయం చేస్తుంది. మిల్లీగ్రాముల వరకు తూచి, సన్నని కొలజాడీలో నీళ్లు పోసి, ముక్క వేస్తే నీరు ఎంత పెరిగిందో చూసి, గ్రాముల బరువును మిల్లీలీటర్లలో ఆ ఘనపరిమాణంతో భాగించండి. 2.7 దగ్గర వస్తే అల్యూమినియం, అంటే పిస్టన్‌దో బ్లాకుదో, 7.2 దగ్గర వస్తే పోత ఇనుము, 7.8 దగ్గర వస్తే ఉక్కు. ఎనిమిదిన్నర పైన ఉంటే ఇత్తడి, రాగి జాతి. అమలాపురంలోనో భీమవరంలోనో తెలిసిన కంసాలి ఎవరైనా ఈ పని ఇష్టంగానే చేసిపెడతారు, నూనె మరకలు శుభ్రంగా తుడిచి ఇస్తే.

ఆ మడ్డిని పారేయలేదు కదా? పారేయకపోతే అది మీకు దొరికిన ముక్క కంటే ఎక్కువ చెబుతుంది. పాత తెల్ల పంచె గుడ్డ ఒకటి బకెట్టు మీద బిగించి, సంప్‌లోని మడ్డిని డీజిల్‌తో కలిపి వడకట్టండి. గుడ్డ మీద మిగిలినదాన్ని ఎండలో ఆరబెట్టి, తెల్ల కాగితం మీద పరిచి, కాగితం కింద అయస్కాంతం నడిపించండి. కదిలేవి ఇనుప రజను. కదలక మెరిసేవి బేరింగు పొరలు, అల్యూమినియం. క్రాంక్ చెంప అల్యూమినియం బ్లాకును రాసుకుంటూ ఉంటే, మైదా పిండిలో మెరుపు కలిపినట్టు, వేళ్ల మధ్య జారిపోయే సన్నని వెండి పొడి చాలా కనిపిస్తుంది. అది కనిపిస్తే వాషర్ రాలి చాలా రోజులైందనీ, బ్లాకు కూడా దెబ్బతిన్నదనీ అనుకోవలసి వస్తుంది. పొడి దాదాపు లేకుండా మడ్డి నల్లగా, మెత్తగా మాత్రమే ఉంటే మీరు సమయానికి చూసుకున్నట్టే.

ఆ గుడ్డ మీద ఇంకా కొన్ని కనిపించవచ్చు. గట్టి ప్లాస్టిక్ పెంకులు, గోధుమ రంగువో నల్లవో, ఒక వైపు నున్నటి గాడి పడినవి ఉంటే అవి టైమింగ్ చైను గైడువి. వాటిని తేలికగా తీసుకోకూడదు, ఎందుకంటే గైడు విరిగినా చైను కొంతకాలం నడుస్తూనే ఉంటుంది, తరువాత పన్ను దాటుతుంది. చల్లని ఇంజను స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు క్షణాలు ముందు వైపు నుంచి గొలుసు ఈడ్చిన చప్పుడు వస్తోందా అని గుర్తు చేసుకోండి. నారింజ రంగు లేదా నల్లని ప్లాస్టిక్ మొన ఒకటి దొరికితే డిప్‌స్టిక్ బయటకు తీసి కొస ఉందో లేదో చూడండి. వేడికి పెళుసెక్కి ఆ కొస విరిగి సంప్‌లో పడడం మామూలే, దానివల్ల పెద్ద కీడు లేదు, డిప్‌స్టిక్ మారిస్తే చాలు. వానపాముల్లాంటి మెత్తని రబ్బరు పోగులు మాత్రం మన ప్రాంతపు షెడ్ల పుణ్యం. సంప్‌కు సీలెంట్ ట్యూబు సగం పిండి బిగిస్తే, లోపలికి పొంగిన భాగం ఎండి, తెగి, స్ట్రైనర్ జాలీకి అడ్డం పడుతుంది. ఎన్నో ఇంజన్లలో ఆయిల్ లైటు వెలగడానికి కారణం పంపు కాదు, ఈ పోగులే. మీ స్ట్రైనర్‌ను కూడా విప్పి, జాలీని వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి.

ఇప్పుడు అసలు పరీక్ష. సంప్ విప్పి ఉండడం మీకు అదృష్టమే, లేకపోతే ఇదంతా పుల్లీ దగ్గర నుంచి ఊహించవలసి వచ్చేది. ఐదు మెయిన్ బేరింగులు ఉన్న ఇంజనులో థ్రస్ట్ వాషర్లు సాధారణంగా మధ్యదానికి, అంటే మూడోదానికి, రెండు వైపులా కూర్చుంటాయి. కొన్ని ఇంజన్లలో పై సగాలు మాత్రమే, అంటే బ్లాకు వైపు రెండే ఉంటాయి. కొన్నింటిలో క్యాప్ (బేరింగును కింది నుంచి పట్టి ఉంచే మూత) వైపు కూడా ఉండి మొత్తం నాలుగు. క్యాప్ వైపు లేని ఇంజన్లలోనే ఇవి అరిగి పలచబడ్డాక చుట్టూ జారి, క్యాప్ పక్క నుంచి తప్పించుకుని సంప్‌లోకి రాలిపోతాయి. మీదీ అదే కథ అని నా అనుమానం.

మరో బేరింగు క్యాప్‌కూ క్రాంక్ చెంపకూ మధ్య చెక్క చీలిక గాని, గుడ్డ చుట్టిన వెడల్పాటి స్క్రూడ్రైవర్ గాని పెట్టి, క్రాంక్‌ను పుల్లీ వైపుకు మెల్లగా నెట్టండి. బలవంతం అక్కర్లేదు; ఆగిన చోట ఆగనివ్వండి. అలా నెట్టి ఉంచి, మధ్య బేరింగుకు పుల్లీ వైపున ఉన్న వాషర్‌కూ దాని ఎదుటి క్రాంక్ చెంపకూ మధ్య ఖాళీలో ఫీలర్ గేజ్ (సందును కొలిచే పలుచని రేకుల కట్ట) రేకులు దూర్చండి. ఈ తరహా చిన్న ఇంజన్లలో ఆ ఖాళీ సుమారు 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల లోపల ఉండాలి, 0.4 దగ్గరికి వస్తే వాషర్లు మార్చవలసిందే. కచ్చితమైన హద్దు మీ ఇంజను రిపేరు మాన్యువల్‌లో ఉంటుంది, దానినే పాటించండి. వాషర్ రాలిపోయి ఉంటే మీకు ఫీలర్ గేజ్‌తో పని ఉండదు. రెండు మిల్లీమీటర్లకు పైగా ఖాళీ కంటికే కనిపిస్తుంది, నెట్టినప్పుడు క్రాంక్ 'టక్' మని కదలడం వినిపిస్తుంది. ఆ తరువాత క్రాంక్‌ను ఫ్లైవీల్ (క్లచ్ కూర్చునే బరువైన చక్రం) వైపుకు తిరిగి నెట్టి, చిన్న అద్దం, టార్చి పట్టుకుని ఆ వైపు అంచును చూడండి. వాషర్ ఉంటే బ్లాకుకూ చెంపకూ మధ్య సన్నని మెరుపు గీత కనిపిస్తుంది. లేకపోతే చీకటి సందు కనిపిస్తుంది.

డయల్ గేజ్‌తో (చిన్న కదలికను ముల్లుతో చూపే పరికరం) కొలుద్దామంటే ఒక చిక్కు ఉంది. మీ బ్లాకు అల్యూమినియం, కాబట్టి అయస్కాంతపు స్టాండు దానికి అంటుకోదు. కింది క్రాస్ మెంబర్‌కు అంటించి కొలిస్తే ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగి తప్పు అంకె ఇస్తుంది. గేర్‌బాక్సు బోల్టు ఒకటి వదులు చేసి, దాని కింద ఒక ఇనుప పట్టీ బిగించి, స్టాండును ఆ పట్టీకి అంటించండి.

ఇంజను నడిచే రోజుల్లో కొన్ని గుర్తులు కనిపించి ఉంటాయి, ఒకసారి నెమరు వేసుకోండి. నిలబడి ఉన్న బండిలో క్లచ్ తొక్కగానే ఇంజను మోత మారడమో, ఆర్‌పీఎం కొద్దిగా పడడమో జరిగేదా? తొక్కినప్పుడూ వదిలినప్పుడూ పుల్లీ ముందుకూ వెనక్కూ కదలడం ఎవరైనా చూశారా? క్లచ్ పెడల్ ఒకరోజు పైన, ఒకరోజు కింద పట్టేదా? ముందు ఆయిల్ సీల్ మార్చినా మళ్లీ కారిందా? క్రాంక్ సెన్సార్ కోడుతో చెక్ ఇంజను లైటు వచ్చిపోయేదా? వీటిలో రెండు కలిసినా నా అంచనా బలపడుతుంది.

వరద సంగతికి వస్తాను. 2022 జూలైలో కోనసీమ లంక గ్రామాలు మునిగినప్పుడు నీళ్లలో నిలిచిన కార్లు ఎన్నో తరువాత మా దగ్గరికి పనికి వచ్చాయి. నిలబెట్టిన కారు మునిగితే గాలి గొట్టం నుంచీ, డిప్‌స్టిక్ గొట్టం నుంచీ, ఇంజను గాలి పోయే బ్రీదర్ నుంచీ నీరు దిగి, దానితో పాటు గోదావరి ఒండ్రు కూడా లోపలికి వస్తుంది. స్టార్ట్ చేయకుండా నీటినీ నూనెనూ తీసి, రెండు మూడుసార్లు ఫ్లష్ చేసినవి బతికాయి. నీరు సిలిండర్‌లో ఉండగా సెల్ఫ్ కొట్టినవాటికి కనెక్టింగ్ రాడ్డు వంగింది. కాని ఈ రెండింటిలో ఏదీ థ్రస్ట్ వాషర్‌ను మాత్రమే ఎంచుకుని అరగదీయదు. ఒండ్రు కారణమైతే అన్ని బేరింగుల మెత్తని పొరలోనూ సన్నని నల్ల చుక్కలూ, చుట్టూ గీతలూ ఉండాలి. సంప్ విప్పే ఉంది కాబట్టి ఒక బిగ్ ఎండ్ క్యాప్ (కనెక్టింగ్ రాడ్డును క్రాంక్‌కు బిగించే మూత) విప్పి షెల్ బేరింగు చూడండి. క్యాప్ మీద గుర్తు ఎటు వైపు ఉందో ముందే రాసుకోండి, ఆ బోల్టులు మళ్లీ వాడదగినవో కావో మాన్యువల్‌లో చూసుకోండి. షెల్ నున్నగా, మసక బూడిద రంగులో ఉంటే వరదను నిందించడానికి లేదు. వడకట్టిన మడ్డిలో ఇసుక గరుకు వేళ్లకు తగిలితే మాత్రం సంప్‌ను, స్ట్రైనర్‌ను, హెడ్ మీది నూనె దారులను కూడా కడిగించండి.

అయితే ఎందుకు అరిగింది? నా దృష్టి క్లచ్ మీద ఉంది. క్లచ్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కుతుంది, ఆ తోపు ఫ్లైవీల్ గుండా క్రాంక్‌ను పుల్లీ వైపు నెడుతుంది, దాన్ని ఆపవలసింది మధ్య బేరింగుకు ఫ్లైవీల్ వైపున ఉన్న వాషరే. అందుకే రాలిపోయేది ఎప్పుడూ దాదాపుగా ఆ వైపుదే. మీ అద్దంలో చీకటి సందు ఆ వైపున కనిపిస్తే ఈ లెక్క సరిపోయినట్టు. మన డెల్టా రోడ్లలో క్లచ్‌కు విశ్రాంతి తక్కువ. కాలువ గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే ఓరకు తీసి ఆపడం, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కడానికి వరుసలో అంగుళం అంగుళం కదలడం, వంతెన ఎత్తు మీద బ్రేకు బదులు హాఫ్ క్లచ్‌తో నిలబెట్టడం, ఇవన్నీ ఆ ఒక్క వాషర్ మీద పడే బరువే. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు వీటన్నింటికంటే చెడ్డది. మీకు ముందు ఈ కారు ఎవరు, ఎలా నడిపారో మనకు తెలియదు కాబట్టి, నడిపే తీరు మీద అంతా వేయడం కూడా న్యాయం కాదు.

రెండో కారణం పాత ఓవరాలింగ్. నూనె గాడులు ఉన్న ముఖం ఎప్పుడూ క్రాంక్ చెంప వైపుకు ఉండాలి. తిరగేసి వేస్తే నూనె పొర నిలవక, ఉక్కు వెన్ను క్రాంక్‌ను రాసుకుంటూ కొద్ది నెలల్లోనే పలచబడుతుంది. పైన వెన్ను వైపు మెరుపు చూడమన్నది ఇందుకే. ఈ ఇంజను అంతకుముందు విప్పారని తెలిపే ఆనవాళ్లు కూడా చూడండి: హెడ్ బోల్టుల మీద రించ్ జారిన గీతలు, టైమింగ్ కవర్ అంచున వేరు వేరు రంగుల సీలెంట్, క్యాప్‌ల మీద పంచ్‌తో కొట్టిన చుక్కలు. మీరు రాసిన 2.1, 1.7 అన్న కొలతలలో తేడా కూడా గమనించదగినదే. ఇలాంటి వాషర్ కొత్తలో రెండున్నర మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రెండు కొసలూ సమానంగా అరిగి ఉంటే అది తన చోట ఉండగానే అరిగినట్టు. ఒక కొస ఎక్కువ అరిగిందంటే, చివరి రోజుల్లో కొంత జారి, వంకరగా నలిగి, అప్పుడు రాలిందని నేను అనుకుంటున్నాను.

పని ఎంత పెద్దది అన్నది మీ ఇంజను కింది నిర్మాణం మీద ఆధారపడుతుంది. మెయిన్ క్యాప్‌లు విడివిడిగా ఉంటే, మధ్య క్యాప్ ఒక్కటి విప్పి, కొత్త పై వాషర్లను జర్నల్ చుట్టూ జార్చి కూర్చోబెట్టవచ్చు, ఇంజను దించనక్కర్లేదు. కింది క్రాంక్ కేసు అంతా ఒకే పోతగా ఉండి, ఐదు బేరింగులనూ కలిపి పట్టి ఉంచే రకమైతే దానిని విప్పకుండా పని జరగదు; అప్పుడు ఇంజను దించడమే మంచిది, బండి కింద పడుకుని ఆ పని చేసేవారిని నమ్మకండి. ఏ పద్ధతిలోనైనా క్రాంక్ చెంపను గోటితో గీసి చూడాలి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త వాషర్ వేసినా మళ్లీ తినేస్తుంది; అలాంటప్పుడు క్రాంక్ తీసి, రాజమండ్రిలోనో తాడేపల్లిగూడెంలోనో క్రాంక్ గ్రైండింగ్ చేసే లేత్ వారి దగ్గర ఆ చెంపను సరిచేయించి, మందం ఎక్కువున్న ఓవర్‌సైజ్ వాషర్లు వేయించాలి. బ్లాకు వైపు వాషర్ కూర్చునే చోటు కూడా తినిపోయి ఉంటే, అక్కడ వెల్డింగు చేయిస్తామనే వారి మాట వినకండి. ఆ స్థితిలో మంచి సెకండ్ హ్యాండ్ బ్లాకు వెతకడమే చవక.

కొత్త వాషర్లు వేసిన తరువాత, సంప్ బిగించక ముందే, పైన చెప్పిన పద్ధతిలోనే ఖాళీని మళ్లీ కొలిచి కాగితం మీద రాసుకోండి. వాషర్‌కు రెండు వైపులా శుభ్రమైన ఇంజను ఆయిల్ పూయాలి. సంప్ అంచుకు సీలెంట్‌ను మూడు మిల్లీమీటర్ల తీగగా మాత్రమే, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా తిప్పి వేయించండి, ట్యూబు మీద రాసిన సమయం ఆరనివ్వండి. మీ ఊరి గాలికి కొత్త సంప్ కూడా కొన్నేళ్లకే పాడవుతుంది కనుక, బిగించే ముందే బయటి వైపు రెండు పూతలు ఎపాక్సీ పెయింటు వేయిస్తే మేలు. డ్రెయిన్ బోల్టు కూర్చునే చోట, అంచు అంటుకునే చోట మాత్రం పెయింటు పడకూడదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఇంధన పంపు ఫ్యూజు తీసి, క్లచ్ తొక్కకుండా, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆయిల్ లైటు ఆరేవరకు సెల్ఫ్‌ను కొద్ది కొద్దిగా ఆగి ఆగి కొట్టండి. ఆ తరువాతే ఫ్యూజు పెట్టండి. క్లచ్ తొక్కితే తప్ప సెల్ఫ్ పట్టని కార్లు కొన్ని ఉన్నాయి. అలాంటప్పుడు స్పార్క్ ప్లగ్గులు విప్పి తిప్పితే క్రాంక్ తేలికగా తిరిగి, నూనె త్వరగా చేరుతుంది. 500 కిలోమీటర్ల తరువాత నూనె మార్చి, పాత ఫిల్టరు డబ్బాను కోసి లోపలి కాగితం మడతలు విప్పి చూడండి. హాక్సా బ్లేడుతో కోస్తే ఆ ఇనుప రజనే మడతల్లో పడి మోసం చేస్తుంది, ఫిల్టర్ కటర్ ఉన్న షెడ్డులో కోయించండి. అప్పుడు పుల్లీ దగ్గర డయల్ గేజ్ పెట్టి ఒకసారి కొలిచి, కాగితం మీద రాసుకున్న అంకెతో పోల్చండి. ఖాళీ అప్పటికే పెరుగుతూ కనిపిస్తే క్లచ్ కేబులు సర్దుబాటు చూడండి; పెడల్‌కు ఖాళీ ఆట లేకుండా బిగించి ఉంటే, కాలు ఆనించకపోయినా రిలీజ్ బేరింగు పగలూ రాత్రీ క్రాంక్‌ను నెడుతూనే ఉంటుంది.